రహస్యానికి ఎంత ఆయుష్షు కావాలి? క్వాంటం కంప్యూటర్లూ, మన ఎన్‌క్రిప్షనూ
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడుతోందా? సరే. ఈ హాల్లో సగంమంది ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం పిల్లలు, మిగతా సగం బ్యాంకుల ఐటీ విభాగాల్లో పనిచేసేవాళ్లు అని నిర్వాహకులు చెప్పారు. అందుకని కాస్త లెక్కా చెబుతాను, కాస్త ఆఫీసు గొడవా చెబుతాను. ఎవరికి ఏది విసుగనిపిస్తే అప్పుడు ఫోన్ చూసుకోండి, నేనేమీ అనుకోను.

ముందు క్వాంటం ఊసే లేని ఒక సంగతి. 1943 ఫిబ్రవరిలో అమెరికా సైన్యం వాషింగ్టన్ పక్కన ఆర్లింగ్టన్ హాల్ అనే చోట ఒక చిన్న పని మొదలుపెట్టింది. అమెరికాలో ఉన్న సోవియట్ కార్యాలయాల నుంచి మాస్కోకి వెళ్లే టెలిగ్రాముల నకళ్లు వాళ్ల దగ్గర కుప్పలుగా పడి ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి చదవలేరు. వాటిని ముందు పెట్టుకుని కూర్చున్నది జీన్ గ్రాబీల్ అనే ఆవిడ, అంతకుముందు బళ్లో టీచరు. సోవియట్ వాళ్లు వాడింది వన్ టైమ్ ప్యాడ్, అంటే ఒక్కో పేజీని ఒక్కసారే వాడి పారేయాల్సిన రహస్య అంకెల పుస్తకం. సరిగ్గా వాడితే ఎవరికీ లొంగదని గణితం రుజువు చేసిన పద్ధతి అది. కానీ 1942 మొదట్లో, యుద్ధం హడావుడిలో, ఆ ప్యాడ్లు తయారుచేసేవాళ్లు కొన్ని వేల పేజీలను రెండేసిసార్లు అచ్చేశారు. అంతే, అక్కడ సందు దొరికింది. 1946 డిసెంబరులో మెరెడిత్ గార్డ్‌నర్ అనే భాషావేత్త ఒక పాత టెలిగ్రాము విప్పితే, అందులో అణుబాంబు ప్రాజెక్టు శాస్త్రవేత్తల పేర్లు బయటపడ్డాయి. 1950లో, ఆ ప్రాజెక్టు రహస్యాలు సోవియట్ వాళ్లకి చేరవేసిన శాస్త్రవేత్త క్లాస్ ఫుక్స్ అరెస్టు దాకా తీసుకెళ్లిన ఆధారాలు కూడా ఆ కుప్పలోనివే. దానికి వెనోనా అని పేరు. 1980 దాకా నడిచింది. నలభైల్లో పంపిన తంతిని డెబ్భైల్లో కూర్చుని చదువుతున్నారన్నమాట.

ఇది ఎందుకు చెప్పానంటే, క్వాంటం కంప్యూటర్ అనగానే అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: ఎప్పుడొస్తుంది సార్? నా దృష్టిలో అది రెండో ప్రశ్న. మొదటిది, మీరు ఈరోజు పంపుతున్న సమాచారం ఇంకా ఎన్నేళ్లు రహస్యంగా ఉండాలి? వెనోనాలో పట్టినవాళ్లకి పట్టిన రోజున విప్పే దారి లేదు. దాచుకున్నారు, ఎదురుచూశారు. ఇప్పుడూ ఎవరికైనా అదే వీలు. పైగా అప్పట్లో గదుల నిండా కాగితాలు కావలసి వస్తే, ఇప్పుడు నాలుగు హార్డ్ డిస్కులు చాలు.

సరే, విప్పే దారి ఏమిటో చూద్దాం. మీరు బ్యాంకు సైటు తెరిచినప్పుడు రెండు రకాల ఎన్‌క్రిప్షన్ పనిచేస్తుంది. అసలు సమాచారాన్ని మూసేది ఏఈఎస్. దానికి రెండు వైపులా ఒకే కీ, అంటే తాళంచెవి లాంటి రహస్య సంఖ్య, ఉండాలి. ఎన్నడూ కలవని ఇద్దరు, అందరూ వింటున్న తీగ మీద, ఆ కీ మీద ఒప్పందానికి రావాలి. ఆ పని చేసేది పబ్లిక్ కీ పద్ధతి. 1976లో డిఫీ, హెల్‌మన్ దారి చూపించారు, 1977లో రివెస్ట్, షమీర్, ఎడిల్‌మన్ ఆర్‌ఎస్‌ఏ తెచ్చారు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలు గుణించడం తేలిక, లబ్ధం చూసి ఆ రెండూ ఏవో చెప్పడం కష్టం. ఆర్‌ఎస్‌ఏ 2048 అంటే ఆ లబ్ధంలో 617 అంకెలు. ఇప్పటిదాకా మామూలు కంప్యూటర్లతో బహిరంగంగా విడగొట్టిన అలాంటి సంఖ్యల్లో 2020 నాటిది 829 బిట్లు, అంటే 250 అంకెలు. దానికే దాదాపు 2,700 కోర్ సంవత్సరాల లెక్క, అంటే ఒక్క ప్రాసెసర్ కోర్ అన్నేళ్లు పనిచేసినంత, ఖర్చయింది.

1994లో బెల్ ల్యాబ్స్‌లో పీటర్ షోర్ వేరే దారి కనిపెట్టాడు. చాలాచోట్ల "క్వాంటం కంప్యూటర్ అన్ని కీలనూ ఒకేసారి ప్రయత్నిస్తుంది" అని రాస్తారు. అది తప్పు. షోర్ చేసింది ఏమిటో ఈ బోర్డు మీద నోటిలెక్కతో చూపిస్తా. 21 తీసుకోండి. 2 ఘాతాలను 21తో భాగించి శేషాలు రాయండి. 2, 4, 8, 16. తర్వాత 32, శేషం 11. తర్వాత 22, శేషం 1. ఆపైన మళ్లీ 2, 4, 8... ఆరడుగులకోసారి తిరిగి మొదటికొస్తోంది. ఆ ఆరులో సగం మూడు. రెండు ఘాతం మూడు, ఎనిమిది. దానికి ఒకటి తక్కువ ఏడు, ఒకటి ఎక్కువ తొమ్మిది. ఏడుకీ ఇరవై ఒకటికీ గ.సా.భా. 7. తొమ్మిదికీ ఇరవై ఒకటికీ 3. అయిపోయింది, 21 అంటే ఏడు మూళ్లు.

ఇందులో క్వాంటం ఏమీ లేదు, గమనించారా? అంతా బడిలెక్కే. చిక్కంతా ఎక్కడంటే, 617 అంకెల సంఖ్యకి ఆ "ఎన్ని అడుగులకి తిరిగి వస్తుంది" అన్నది కూడా ఊహకందనంత పెద్ద సంఖ్య. కూర్చుని లెక్కపెడితే విశ్వం వయసు చాలదు. క్యూబిట్లు, అంటే క్వాంటం కంప్యూటర్లోని బిట్లు, చేసేది ఆ ఒక్క పనే. తప్పుడు జవాబుల తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, సరైన ఆవృత్తికి సంబంధించినవి మాత్రం బలపడి మిగిలేలా అమర్చడం. ఆ ఆవృత్తి చేతికొస్తే మిగతాదంతా మామూలు ల్యాప్‌టాప్ చేస్తుంది. ఇదే ఎత్తు డిఫీ-హెల్‌మన్ మీదా, ఎలిప్టిక్ కర్వ్ అనే ఇంకో పబ్లిక్ కీ పద్ధతి మీదా పారుతుంది. ఒక తమాషా ఏమిటంటే, మామూలు కంప్యూటర్ ముందు 256 బిట్ల ఎలిప్టిక్ కర్వ్ ఆర్‌ఎస్‌ఏ 2048 కంటే గట్టిది. క్వాంటం యంత్రం ముందు మాత్రం కీ చిన్నది కాబట్టి అదే ముందు పడేలా ఉంది.

ఏఈఎస్ సంగతేంటని అడగబోతున్నారు. దాని మీద ప్రయోగించేది 1996 నాటి గ్రోవర్ అల్గారిథం. లవ్ గ్రోవర్ మన ఐఐటీ ఢిల్లీలో చదివినాయనే. ఆ పద్ధతి వెతుకులాటను తగ్గిస్తుంది, కానీ కూలగొట్టదు. ఏఈఎస్ 256 వాడేవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చు. హ్యాష్‌లు (ఏ ఫైలుకైనా వేలిముద్రలా తీసే చిన్న సంఖ్యలు) కూడా దాదాపు అంతే.

మరి యంత్రం ఎంత దూరంలో ఉంది? 2024 అక్టోబరులో మీ అందరి ఫోన్లకీ ఒక ఫార్వర్డ్ వచ్చే ఉంటుంది, చైనా వాళ్లు క్వాంటం కంప్యూటర్‌తో మిలటరీ ఎన్‌క్రిప్షన్ ఛేదించారని. ఆ పరిశోధనలో విడగొట్టింది 22 బిట్ల సంఖ్య. అంటే 42 లక్షల లోపు. ఓపికున్న ఎనిమిదో తరగతి కుర్రాడికి కాగితం, పెన్సిలు ఇస్తే చేస్తాడు. అలాంటి వార్తలకి టెన్షన్ పడక్కర్లేదు.

పట్టించుకోవలసిన అంకెలు వేరే ఉన్నాయి. ఆర్‌ఎస్‌ఏ 2048ని విడగొట్టాలంటే పొరపాట్లు చేసే మామూలు క్యూబిట్లు రెండు కోట్లు, సమయం ఎనిమిది గంటలు కావాలని 2019లో గిడ్నీ, ఎకెరా అనే పరిశోధకులు లెక్కగట్టారు. 2025 మేలో అదే గిడ్నీ మళ్లీ లెక్కవేసి, పది లక్షల లోపు క్యూబిట్లతో వారం లోపు అయిపోతుందన్నాడు. ఆరేళ్లలో ఇరవయ్యో వంతుకి దిగింది. మధ్యలో అంత పెద్ద యంత్రమేమీ రాలేదు. తగ్గింది లెక్కలో, పొరపాట్లు దిద్దే పద్ధతిలో. 2024 డిసెంబరులో గూగుల్ చూపించిన విల్లో చిప్పులో క్యూబిట్లు 105. వందకీ పది లక్షలకీ మధ్య అగాధం ఉంది, కాదనను. కానీ అగాధం రెండు ఒడ్ల నుంచీ పూడుతోంది. ఏ సంవత్సరమని అడిగితే మాత్రం చెప్పను. చెప్పేవాళ్లలో చాలామంది ఏదో ఒకటి అమ్మడానికి వచ్చినవాళ్లే.

మళ్లీ మొదటి ప్రశ్నకి వద్దాం. కెనడాలో మిషెల్ మోస్కా అనే ఆయన ఒక కూడిక చెబుతాడు. మీ సమాచారం రహస్యంగా ఉండాల్సిన ఏళ్లు, దానికి మీరు కొత్త పద్ధతికి మారడానికి పట్టే ఏళ్లు కలపండి. ఆ మొత్తం, యంత్రం రావడానికి పట్టే ఏళ్లకంటే ఎక్కువైతే మీరు ఇప్పటికే ఆలస్యం. ఓటీపీ ఉందనుకోండి, దాని ఆయుష్షు పది నిమిషాలు. దాన్ని 2040లో ఎవడైనా విప్పితే విప్పుకోనివ్వండి. అదే వేలిముద్ర? రేషన్ షాపులో ఈ-పాస్ మిషన్ మీద వేలు పెడతాం. ఆ బయోమెట్రిక్ సమాచారాన్ని ఏఈఎస్ కీతో మూసి, ఆ కీని యూఐడీఏఐ వారి 2048 బిట్ల పబ్లిక్ కీతో మూసి పంపడం ఆధార్ పద్ధతి, వాళ్ల పత్రాల్లో బహిరంగంగానే ఉంది. ఆ పొట్లాల్ని ఎవరో పట్టి దాచారని నేను అనడం లేదు. దాచి ఉంటే మాత్రం, పాస్‌వర్డ్ మార్చుకున్నట్టు వేలు మార్చుకోలేం. హెచ్ఐవీ పరీక్ష రిపోర్టు, మానసిక వైద్యుడి నోట్సు, జన్యు పరీక్ష ఫలితం కూడా ఇదే కోవలోవి. జన్యు పరీక్ష అయితే మీ పిల్లల రహస్యం కూడా.

ఇక మందు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2016లో పోటీ పెట్టింది. మొదటి విడతకి 69 పద్ధతులు నిలిచాయి. 2024 ఆగస్టు 13న మూడు ప్రమాణాలు విడుదలయ్యాయి. కీ ఒప్పందానికి ఎంఎల్-కెమ్, సంతకాలకి ఎంఎల్-డీఎస్‌ఏ, ఇంకా ఎస్‌ఎల్‌హెచ్-డీఎస్‌ఏ. మొదటి రెండూ ల్యాటిస్ గణితం మీద నిలబడ్డాయి. దాని మూలం పదో తరగతిలో చేసిన సమీకరణాలే. తెలియనివి నాలుగు, సమీకరణాలు నాలుగు ఇస్తే ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తూ సాధిస్తాం కదా. ఇప్పుడు ప్రతి జవాబులోనూ కావాలని ఒక చిన్న తప్పు కలపండి, ఒకటో రెండో అటూ ఇటూ. మీరు తీసివేతలు చేసేకొద్దీ ఆ తప్పులు పెరిగి పెరిగి అసలు జవాబును ముంచేస్తాయి. తెలియనివి నాలుగు కాకుండా వందల్లో ఉంటే, షోర్ పద్ధతికి పట్టుకోవడానికి అక్కడ ఆవృత్తే దొరకదు. 2005లో ఓడెడ్ రెగెవ్ దీన్ని ఎన్‌క్రిప్షన్‌గా మలిచాడు.

ఇది ఎప్పటికీ విరగదా? ఎవరూ హామీ ఇవ్వలేరు. సైక్ అనే పద్ధతి అదే పోటీలో నాలుగో విడత పరిశీలన దాకా వచ్చింది. 2022 జులైలో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం నుంచి కాస్ట్రిక్, డెక్రూ ఇద్దరూ దాన్ని మామూలు కంప్యూటర్‌లో ఒక్క కోర్ మీద గంటలో విప్పేశారు. క్వాంటం లేదు, ఏమీ లేదు. 1997 నాటి ఒక గణిత సిద్ధాంతం ఆధారం. అంతకు ముందు ఫిబ్రవరిలో రెయిన్‌బో అనే సంతకాల పద్ధతికీ అదే గతి పట్టింది, ల్యాప్‌టాప్ మీద, ఒక వారాంతంలో. అందుకే ఇప్పుడు కొత్తదాన్ని ఒంటరిగా వదలకుండా పాతదానితో జతచేసి వాడుతున్నారు. రెండూ విరిగితే తప్ప కీ బయటపడదు.

తెర మీద చూడండి. ఇది క్రోమ్. ఒక పెద్ద సెర్చ్ సైటు తెరిచి, డెవలపర్ టూల్స్‌లో సెక్యూరిటీ నొక్కాను. కనెక్షన్ అని ఉన్నచోట చదవండి: టీఎల్‌ఎస్ 1.3, ఎక్స్25519ఎంఎల్‌కెమ్768. టీఎల్‌ఎస్ అంటే బ్రౌజర్‌కీ సైటుకీ మధ్య భద్రతా పద్ధతి. ఆ పొడుగు పేరులో మొదటి భాగం పాత ఎలిప్టిక్ కర్వ్, రెండో భాగం కొత్తది. మీ ఫోన్లో మీకు తెలియకుండానే ఇది జరిగిపోతోంది. మెసేజింగ్ యాప్‌లలో సిగ్నల్ 2023లో, ఐమెసేజ్ 2024లో మారాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (సర్వర్లలోకి దూరం నుంచి లాగిన్ అయ్యే సాధనం) అయితే 2022 నుంచే ఇలాంటి జతను డిఫాల్ట్‌గా వాడుతోంది. ఇప్పుడు ఇంకో ట్యాబు. ఇదొక బ్యాంకు, పేరు కనపడకుండా పైభాగం మూశాను. ఇక్కడ ఎక్స్25519 ఒక్కటే ఉంది. నవ్వకండి, మీదే కావచ్చు.

ఎందుకు మారలేదంటే నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు. పాత పద్ధతిలో పంపే పబ్లిక్ కీ 32 బైట్లు. ఎంఎల్-కెమ్ 768లో 1,184. నెట్‌వర్క్‌లో ఒక ప్యాకెట్ దాదాపు 1,500 బైట్లు. బ్రౌజర్ పంపే మొట్టమొదటి పలకరింపులో మిగతా సరంజామా కూడా ఉంటుంది కాబట్టి అది రెండు ప్యాకెట్లుగా విడిపోతుంది. మొదటి ప్యాకెట్ చదివి మొత్తం వచ్చేసిందనుకునే పాత పరికరాలు చాలా ఉన్నాయి. 2024 వసంతంలో క్రోమ్ దీన్ని అందరికీ ఆన్ చేయగానే కొన్నిచోట్ల సైట్లు తెరుచుకోవడం మానేశాయి. నేను సలహాకి వెళ్లిన ఒక సంస్థలో పొద్దున్నే ఇదే గోల. సర్వర్ బాగుంది, ఇంటర్నెట్ బాగుంది, ఫైర్‌ఫాక్స్‌లో తెరుచుకుంటోంది, క్రోమ్‌లో లేదు. మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ రెండో ప్యాకెట్‌ను వద్దంటోంది. చివరికి వాళ్లు ఏం చేశారు? క్రోమ్ పాలసీలో కొత్త పద్ధతిని ఆపేసి, ఫైర్‌వాల్ సంగతి తర్వాత చూద్దామన్నారు. ఆ "తర్వాత" ఇంకా రాలేదనుకుంటా.

బ్యాంకుల వాళ్లకి నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. కొత్త అల్గారిథం తెచ్చి పెట్టడం కష్టం కాదు, లైబ్రరీలు ఉచితంగా దొరుకుతున్నాయి. పాతది ఎక్కడెక్కడ ఉందో తెలుసుకోవడమే కష్టం. పాత ఇంటి వైరింగు లాంటిది, ప్లాను ఉండదు, మేస్త్రీ ఉండడు, గోడ కొడితే గానీ వైరు ఎక్కడుందో తెలియదు. పదిహేనేళ్ల కింద ఎవరో రాసిన జావా ప్రోగ్రాములో ఆర్‌ఎస్‌ఏ 1024 అని కోడ్‌లోనే రాసేసి ఉంటుంది. రాసినాయన ఇప్పుడు డాలస్‌లో ఉంటాడు. హెచ్‌ఎస్‌ఎం అనే, కీలను భద్రంగా దాచే పెట్టె కొత్త కీలను మోయగలదో లేదో కొన్న కంపెనీని అడగాలి. మన కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల్లో సంస్థలో వాడే క్రిప్టోగ్రఫీకి జాబితా, సీబామ్ అంటున్నారు, తయారుచేయమని ఉంది. అది ఆడిటర్ కోసం ఎక్సెల్ నింపే వ్యవహారంగా మారకుండా చూసుకోండి.

ఎంతకాలం పడుతుందంటారా? అయస్కాంత పట్టీ కార్డులు తీసేసి చిప్ కార్డులు ఇవ్వమని రిజర్వు బ్యాంకు 2015 ఆగస్టులో చెప్పింది. గడువు 2018 డిసెంబరు 31. కార్డు ఒక్కటి మార్చడానికే మూడేళ్లకి పైగా. నిస్ట్ ముసాయిదా ప్రకారం ఆర్‌ఎస్‌ఏ 2048 వాడకం 2030 తర్వాత వద్దనే కోవలోకి, 2035 తర్వాత నిషేధంలోకి వెళ్తుంది. లెక్క మీరే వేసుకోండి.

సంతకాల సంగతి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. పాత సంతకాన్ని దాచిపెట్టి తర్వాత విప్పేదేముంది, యంత్రం వచ్చిన రోజున మార్చుకుంటే సరిపోతుందంటారు. సగమే నిజం, ఇప్పటికే వేసి ఉన్న సంతకాలు రాత్రికి రాత్రి మారవు. మీసేవలో తీసుకున్న సర్టిఫికెట్ మీద డిజిటల్ సంతకం ఉంటుంది. ఈ-ఆధార్ పీడీఎఫ్ తెరిస్తే కింద పసుపు ప్రశ్నార్థకం కనిపించేది కూడా అదే. ఆధార్ మీద ఉన్న పెద్ద క్యూఆర్‌లో మీ ఫొటో, వివరాలు, చివర 256 బైట్ల ఆర్‌ఎస్‌ఏ సంతకం ఉంటాయి. క్యూఆర్ ఎంత పెద్దదైనా పట్టేది దాదాపు 2,950 బైట్లు. ఎంఎల్-డీఎస్‌ఏలో అతి చిన్న సంతకం 2,420 బైట్లు. ఫొటో ఎక్కడ పెడతారు? తర్వాతి స్థాయిది 3,309, అసలు పట్టదు. ఫాల్కన్ అని ఇంకొకటుంది, 666 బైట్లు. అది 2022లోనే ఎంపికైంది, కానీ సంతకం చేసేటప్పుడు దశాంశ లెక్కలు జాగ్రత్తగా చేయాలి, ప్రమాణ పత్రంగా రావడం కూడా మిగతా వాటికంటే ఆలస్యమైంది. మన దేశంలో కోట్ల కార్డుల మీద అచ్చయి ఉన్న ఒక చిన్న చతురస్రం కోసం ఇంత ఆలోచించాలి. పిల్లలూ, ప్రాజెక్టుకి ఏం చేయాలని అడుగుతుంటారు కదా, ఇదిగో.

ప్రశ్నలు తీసుకుంటాను. అమరావతిలో పెట్టే క్వాంటం కంప్యూటర్‌తో బ్యాంకులకి ప్రమాదమా అని అడుగుతున్నారు. లేదండీ. 2025 మేలో ప్రకటించిన ఐబీఎం యంత్రంలో హెరాన్ ప్రాసెసర్‌కి 156 క్యూబిట్లు. దానితో రసాయనాల మీద, లెక్కల మీద ప్రయోగాలు చేయొచ్చు, మన పిల్లలకి చెయ్యి తిరుగుతుంది. ఆర్‌ఎస్‌ఏ జోలికి వెళ్లే శక్తి దానికి లేదు.

క్వాంటం కీ పంపిణీ, అంటే క్యూకేడీ పెట్టుకుంటే ఈ బాధంతా పోతుందా అన్నది రెండోది. 1984లో బెనెట్, బ్రసార్డ్ చెప్పిన ఆలోచన, అందమైనది. మన దగ్గర ఇస్రో 2021లో 300 మీటర్ల దూరం గాల్లో చేసి చూపించింది, 2022లో డీఆర్‌డీవో, ఐఐటీ ఢిల్లీ కలిసి ప్రయాగ్‌రాజ్ నుంచి వింధ్యాచల్‌కి వంద కిలోమీటర్లకి పైగా ఫైబర్ మీద చేశాయి. సైన్యానికి, రెండు డేటా సెంటర్ల మధ్య సరే. మీ ఫోన్‌కీ బ్యాంకుకీ మధ్య ప్రత్యేక ఫైబర్ ఎవరు వేస్తారు? పైగా అవతల ఉన్నది అసలు మనిషేనని నిరూపించడానికి మళ్లీ సంతకమో, ముందే పంచుకున్న కీయో కావాలి. అమెరికా ఎన్‌ఎస్‌ఏ (అక్కడి నిఘా సంస్థ) కూడా తమ జాతీయ భద్రతా వ్యవస్థలకి దీన్ని సిఫారసు చేయడం లేదు. ముందు సాఫ్ట్‌వేర్ మార్చండి.

ఆఖరిది, ముందు వరసలో అమ్మాయి అడిగింది: ఇప్పటికే ఆర్‌ఎస్‌ఏతో సంతకం చేసిన పాత రుణ పత్రాల గతేంటి? మంచి ప్రశ్న. వాటి మీద కొత్త పద్ధతితో, నాకైతే ఎస్‌ఎల్‌హెచ్-డీఎస్‌ఏ ఇష్టం, అది హ్యాష్‌ల మీద తప్ప దేనిమీదా ఆధారపడదు కాబట్టి, దానితో ఇంకో టైమ్‌స్టాంపు వేయించాలి. ఫలానా తేదీకి ఈ పత్రం, ఈ పాత సంతకంతో సహా, ఇలాగే ఉందని అది సాక్ష్యం. ఒక్కో పత్రానికి అక్కర్లేదు, రోజు మొత్తానికి వేల పత్రాల హ్యాష్‌లు కలిపి ఒక్క టైమ్‌స్టాంపు వేయొచ్చు, ఖర్చు పెద్దగా ఉండదు. కాకపోతే ఆర్‌ఎస్‌ఏ నిలబడి ఉన్నప్పుడే చేయాలి. అది పడిపోయాక వేసే టైమ్‌స్టాంపు అసలు పత్రం మీదా పడుతుంది, నిన్న రాత్రి పుట్టించిన నకిలీ మీదా పడుతుంది, కోర్టులో తేడా చూపించలేరు.